గుమ్మడికాయకి ఒక టికెట్టు

ముప్పై ఒక్క ఏళ్ళు
కూర్చున్న చోటి నుంచే మనుషుల్ని కొండెక్కించాను.
వాల్పరైసోలో, సముద్రం వైపు తిరిగిన చెక్క లిఫ్టు.
ఒక మీట, ఒక గంట, ఒక కుర్చీ.
కుర్చీ నా ఆకారానికొచ్చిందో
నేనే కుర్చీ ఆకారానికొచ్చానో
డాక్టరమ్మ చెప్పేదాకా తెలీలేదు.

"ఎలియేసెర్ గారూ, మీ నెత్తురు తీగపాకానికొచ్చింది.
ఇలాగే ఉంటే దీపం కూడా కొండెక్కుతుంది.
నడవండి."

నడవడానికి నాకు తీరికేదీ?
రోజంతా ప్రయాణంలోనే ఉంటాను కదా!

జూన్ వానల్లో లిఫ్టు ఇరుసు విరిగింది.
పెట్టె కొండ నడుమ ఆగిపోయి
ఊగే పన్నులా వేలాడింది.
ఇల్లు పైన, నేను కింద,
మధ్యలో రెండొందల ముప్పై ఒక్క మెట్లు.
మెట్టుకో రంగు వేశారు ఎవరో కుర్రకారు.
రంగుకో తిట్టు తిట్టాను.

నలభయ్యో మెట్టు మీద కూలబడ్డాను.
అది ఉబెర్లిందా గుమ్మం.
అయ్యో అనలేదావిడ, మంచినీళ్ళడగలేదు.
ఒళ్ళో ఒక గిన్నె పెట్టింది.
కొచయుయో. బండల మీద పెరిగే సముద్రపు నాచు,
ఉడకబెట్టి, తరిగి,
ఉల్లిపాయ వేసి నిమ్మకాయ పిండినది.
"బూటు తోలు తిన్నట్టుంది," అన్నాను.
"నమలండి. నమిలినంతసేపూ
సణక్కుండా ఉంటారు," అంది.
నమిలాను.
తోలు లోపల్నుంచి సముద్రం వచ్చింది.

మర్నాడు యాభయ్యో మెట్టు దాకా పోయి
పది మెట్లు వెనక్కి దిగాను,
ఆ గిన్నె కోసం.

నూట ఆరో మెట్టు మీద తోబియాస్ రేడియో.
ఒకప్పటి ఓడ వంటవాడు, ఒక కాలు పొట్టి.
కువేకా మోగిందంటే చాలు
జేబురుమాలు గాలిలో తిప్పుతూ లేస్తాడు,
ఆ పొట్టి కాలితోనే తాళం వేస్తాడు.
వ్యాయామమంటే కోపం వాడికి.
"అది బడిపిల్లలకి. మనది సరసం."
నా దగ్గర రుమాలు లేదు.
టికెట్ల గుడ్డసంచి దులిపి ఊపాను.
చొక్కా తడిసింది. ఆయాసమొచ్చింది.
కానీ అది పెళ్ళింట్లో వచ్చే ఆయాసం,
ఆసుపత్రి మెట్ల మీద వచ్చేది కాదు.

అబద్ధమెందుకు,
శుక్రవారాలు సోపైపియా బండి దగ్గర ఆగేవాణ్ణి.
ఇప్పటికీ ఆగుతాను.
నూనెలో పొంగే ఆ గుమ్మడి పూరీల వాసనకి
ఏ డాక్టరు దగ్గరా మందు లేదు.
మునుపు అయిదు, ఆవముద్ద దిట్టంగా పూసి,
లిఫ్టు గంట కొట్టేలోపు.
ఇప్పుడు ఒకటే,
గోడకానుకుని, కళ్ళు మూసుకుని,
పావుగంట సేపు.
ఒకటి ఇంత పెద్దదని
ఎన్నడూ తెలీలేదు నాకు.

జనవరితో ఎండలొచ్చాయి.
సంతలో పచ్చి చిక్కుడు గింజలు, పాలకంకులు,
తులసికి అక్క వరసయ్యే ఏదో ఆకు.
మెట్ల వాళ్ళంతా కలిసి ఒకే కుండ పెడదామన్నారు.
గుమ్మడికాయ నా వంతు.

సరిగ్గా ఆ వారమే లిఫ్టు బాగయింది.
బాకాలూదారు, రిబ్బను కత్తిరించారు,
నా టోపీ నాకిచ్చారు,
కొత్త కుర్చీ కూడా, దూది మెత్తన.
కూర్చున్నాను.
కట్టేసిన దూడల్లా
కాళ్ళు కుర్చీ కింద తన్నుకున్నాయి.

సాయంత్రం సంత నుంచి ఉబెర్లిందా వచ్చింది.
నేను కొని అక్కడే మరిచిన గుమ్మడికాయని
చంటిపిల్లాడిలా చంకనేసుకుని.
"ఇది మోస్తూ ఎక్కడం నా వల్ల కాదు,
లిఫ్టెక్కడం నాకిష్టం లేదు," అంది.

మీట కుర్రాడికి అప్పగించాను.
గుమ్మడికాయకి ఒక టికెట్టు చింపాను,
పన్నెండు కిలోల ప్రయాణికురాలు,
కిటికీ పక్క సీటు.

మేమిద్దరం మెట్లెక్కాం.
నూట ఆరు దగ్గర కాసేపు రుమాళ్ళూపాం.
అప్పుడే పక్కనుంచి పెట్టె మమ్మల్ని దాటింది.
అద్దంలో ఆవిడ, దొరసానిలా
కదలకుండా, సముద్రాన్ని చూస్తూ.

పైకి ముందు చేరింది ఆవిడే.
అచ్చం ఒకప్పటి నాలాగే,
చెమట చుక్క లేదు.